పొట్ట గోల గురించి నీకో మాట, బుజ్జీ

బుజ్జీ,

నిన్న ఫోన్లో నువ్వు చెప్తుంటే నవ్వాపుకోలేకపోయా, ఏమనుకోకు, నాకూ అయింది కాబట్టే నవ్వొచ్చింది. మీటింగులో అందరూ సైలెంట్‌గా ఉన్న టైమ్‌లో నీ పొట్ట గుర్రుమంది, పక్కావిడ నీ వైపు చూసింది, అంతేగా? నాకైతే బరువు తగ్గడానికి చేసే పొట్ట బైపాస్ ఆపరేషన్ అయిన రెండో నెలలో ఒకాయన సంతాప సభలో, సరిగ్గా రెండు నిమిషాలు మౌనం పాటిస్తున్నప్పుడు మొదలైంది, ముందు బుడబుడ అని చిన్నగా, తర్వాత కుళాయిలో నీళ్ళు వచ్చే ముందు గాలి బుసకొడుతుందే అలా పొడుగ్గా, ముందు వరసలో ఉన్నాయన వెనక్కి తిరిగి మరీ చూశాడు.

బరువు తగ్గడానికే నువ్వు చేయించుకున్న స్లీవ్ ఆపరేషన్‌లో పొట్ట దాదాపు 80 శాతం తీసేస్తారు, నా బైపాస్‌లో కోడిగుడ్డంత సంచి మిగిల్చి దాన్ని నేరుగా చిన్న పేగుకి కలిపారు, ఇంతకుముందు పెద్ద పొట్టలో కాసేపు నిలవుండే నీళ్ళు, గాలి ఇప్పుడు అక్కడ ఆగకుండా తొందరగా పేగులోకి జారిపోతాయి, సౌండ్ రాక ఏం చేస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం ఏంటంటే, గురగురమన్న ప్రతిసారీ ఆకలి అనుకోకు. కడుపు ఖాళీగా ఉంటే గంటన్నర రెండు గంటలకోసారి పేగులు వాటంతటవే లోపల ఊడ్చుకుంటాయి, ఆ చీపురు చప్పుడే అది. నేనది తెలీక మొదటి ఏడాది సౌండ్ వచ్చినప్పుడల్లా నోరు మూయించడానికన్నట్టు ఒక బిస్కెట్ వేసేదాన్ని, నాలుగు కిలోలు వెనక్కొచ్చాయి. అలాగని సౌండ్ భయంతో మీటింగుకి ఖాళీ కడుపుతో వెళ్ళకు, అది ఇంకా గట్టిగా అరుస్తుంది. నీ టైమ్ ప్రకారం తినాల్సింది ఓ గంట ముందే మెల్లగా తినేసి వెళ్ళు.

మెల్లగా అంటే నిజంగా మెల్లగా. చిన్నపిల్లల స్పూన్ పెట్టుకో, ఒక ముద్ద నోట్లో పెట్టాక స్పూన్ కింద పెట్టెయ్, నమిలి మింగాకే మళ్ళీ తియ్యి, అరగంట పట్టినా పర్లేదు. గబగబా తిన్నా, స్ట్రాతో తాగినా, చూయింగ్ గమ్ నమిలినా గాలి మింగుతాం, ఆ గాలే లోపల వాయిస్తుంది. గ్యాస్ డ్రింకుల సంగతి నీ డైటీషియన్ చెప్పే ఉంటుంది. తిన్నాక అరగంట దాకా నీళ్ళు వద్దు.

ఇంకోటి, నాకు చాలా లేటుగా తెలిసింది. ఆపరేషన్ తర్వాత కొంతమందికి పాలు పడవు, అంతకుముందు లీటర్లు తాగినవాళ్ళకి కూడా. నేను పొద్దున్నే కలుపుకుని తాగే, పాల నుంచి తీసిన వే ప్రోటీన్ పౌడర్‌లో లాక్టోజ్, అంటే పాలల్లో ఉండే చక్కెర, ఉందని తెలీక మూడు నెలలు తిట్టుకున్నా, ఆ లాక్టోజ్ చాలా మటుకు తీసేసిన ఐసోలేట్ రకానికి మారాక సగం గోల పోయింది. షుగర్ ఫ్రీ అని రాసిన వాటిల్లో, ప్రోటీన్ బార్లలో చక్కెర బదులు వేసే సార్బిటాల్, మాల్టిటాల్ లాంటివి ఉంటే అవీ పేగుల్లో పులిసి గ్యాస్ పుట్టిస్తాయి. ఓ రెండు వారాలు ఏం తిన్నావో, ఎప్పుడు గురగురలాడిందో నోట్‌బుక్‌లో రాసిపెట్టు, దొంగ దొరుకుతాడు.

మీటింగులో మళ్ళీ వస్తే ఫైలు పొట్టకి అదుముకోవడాలూ, దొంగ దగ్గులూ ఏమీ పనిచెయ్యవు, నేనన్నీ చేసి చూశా. "సారీ అండీ, పొట్టకి కూడా ఏదో అభిప్రాయం ఉన్నట్టుంది" అని ఓ ముక్క అనేసి నోట్స్ చూస్కో. ఆపరేషన్ సంగతి అందరికీ చెప్పాల్సిన పన్లేదు.

కానీ ఒకటి మాత్రం నవ్వుతూ వదిలెయ్యకు. సౌండ్‌తో పాటు మెలిపెట్టే నొప్పి, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బరం, గ్యాస్ కూడా పోకపోవడం, జ్వరం, గుండె దడ, వీటిల్లో ఏదున్నా పొద్దున దాకా చూద్దాం అనుకోకుండా హాస్పిటల్‌కి వెళ్ళు. నాలాంటి బైపాస్ వాళ్ళకైతే ఏళ్ళ తర్వాత కూడా పేగు లోపల ఇరుక్కునే ప్రమాదం ఉంటుంది, అందుకే నేనిప్పటికీ ఆ నొప్పిని తేలిగ్గా తీసుకోను.

ఉత్త సౌండే అయితే నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది, నాకు పూర్తిగా పోలేదు, ఇది రాస్తుంటే కూడా లోపల ఏదో గొణుగుతోంది. నువ్వు తాగే పౌడర్ డబ్బా వెనక చిన్న అక్షరాలుంటాయి చూడు, ఫొటో తీసి ఇవాళే పంపు, నేను చూసి చెప్తా.

పిన్ని