ముందు పైకప్పు, చివర గోడ

ప్రశ్న: మాది కోనసీమలో, అమలాపురం దగ్గరి పల్లెలో, మా మామగారి తండ్రి కట్టించిన మండువా పెంకుటిల్లు. గోడలు మట్టి అడుసుతో పేర్చిన ఇటుకలవి, పైన సున్నపు పూత ఉంది. వర్షం వస్తే మండువా మూలల్లో రెండు చోట్ల కారుతోంది. పడమటి గది గోడకు కింది నుంచి మూడడుగుల ఎత్తు వరకు చెమ్మ ఎక్కి పూత రాలిపోతోంది. ఏడాదికి లక్షన్నర రూపాయలకు మించి పెట్టలేము. ముందుగా ఆ గోడకు సిమెంటు పూసి టైల్సు అంటిస్తే ఇక దిగులుండదని మేస్త్రి అంటున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: ఆ సిమెంటు పని మాత్రం ఇప్పుడు వద్దు. అలాంటి గోడ నేలలోని తేమను పీల్చుకుని, సున్నపు పూత గుండా మెల్లమెల్లగా బయటికి వదిలేస్తుంది. ఆ దారిని సిమెంటుతో, టైల్సుతో మూసేస్తే, ఇప్పుడు మూడడుగుల దగ్గర ఆగిన చెమ్మ టైల్సు పైఅంచు దాటి మరింత ఎత్తుకు పాకుతుంది, లోపల మట్టి అడుసు మెత్తబడిపోతుంది.

మొదటి ఏడాది డబ్బంతా పైకప్పుకే పెట్టండి. పని సంక్రాంతి తరువాత మొదలై, మే నెలాఖరుకల్లా ముగియాలి. మండువాలో నాలుగు వాలుల నీరూ లోపలి మూలలకే చేరుతుంది కనుక, అక్కడ పెంకుల కింద పరిచిన జింకు రేకు తుప్పుపట్టి చిల్లులు పడిందేమో మొదట చూడండి. చాలా ఇళ్లలో కారేది అక్కడే. తరువాత, చూరు దగ్గర నాలుగు పెంకులు తీయించి, వాసం గోడలోకి దిగిన చోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. పైకి గట్టిగా కనిపించే వాసం కూడా గోడలో దాగిన ఆ కొసన పుచ్చిపోయి ఉండవచ్చు. మొన స్పాంజిలోకి దిగినట్టు దిగితే, వాసమంతా మార్చనక్కరలేదు. పుచ్చిన మేర కోసేసి, పక్కనే కొత్త టేకు ముక్కను జోడించి బోల్టులు బిగిస్తే చాలు. ఇవి పెంకులు విప్పితే తప్ప బయటపడవు కాబట్టి, లక్షన్నరలో ఓ ముప్పై వేలు ముట్టుకోకుండా ఉంచుకోండి.

పాత పెంకులను పారేయకండి. వేలితో కొడితే కంగుమన్నది మంచిది, బొదబొదమన్నది పగిలినది. కొత్త బెంగుళూరు పెంకులు పాతవాటితో గాడికి గాడి కూర్చోకపోవచ్చు, ఎందుకంటే ఒక్కో ఫ్యాక్టరీ అచ్చు ఒక్కోలా ఉంటుంది. అందుచేత మిగిలిన పాతవన్నీ ఒక వాలుకు సర్ది, కొత్తవి మరో వాలుకు వేయించండి.

అదే వేసవిలో, ఖర్చు పెద్దగా లేకుండా, పడమటి గోడ బయటివైపు చూడండి. పెరట్లో ఏటా మట్టి పోయించడం వల్ల నేల ఇంటి అరుగు కంటే ఎత్తు పెరిగి ఉంటే, గోడ వెంబడి మూడడుగుల వెడల్పున ఆ మట్టిని తీయించి, నీరు ఇంటికి దూరంగా జారేలా వాలు పెట్టించండి. పునాది బయటపడేంత లోతుకు మాత్రం తవ్వనివ్వకండి. మండువా నీరు పోయే తూము పూడిపోయి ఉంటే శుభ్రం చేయించండి. గోడ మీది చెమ్మకు ఇదే అసలు వైద్యం.

రెండో ఏడాది కరెంటు వైరింగు. పాత తీగలన్నీ తీసేయించి, లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, గీజరుకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేయించి, ఎర్తింగుతో పాటు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి పెట్టించండి. వైర్లను గోడ తొలిచి కాక, పైపైనే పైపుల్లో తీసుకుపోతే మట్టి గోడకు గాయాలు తప్పుతాయి.

గోడల పూత, రంగు మూడో ఏడాదికి ఉంచండి. మధ్యలో ఇంట్లో పెళ్లి ముహూర్తం వస్తే అందరూ రంగు వేయిద్దామంటారు. మాసిన చోట వెల్ల వేయించి సరిపెట్టండి. పూత వేసేటప్పుడు చెమ్మ గీతకు అడుగు పై వరకు చెక్కించి, ఓ వేసవంతా ఆరనిచ్చి, ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుకతో పూయించండి. సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రి ఊళ్లో ఉంటే, ఇప్పుడే మాట తీసుకోండి.

ఈలోగా, ఈ వానలకు చెమ్మ ఎంత ఎత్తుకు వచ్చిందో ఆ గోడ మీదే పెన్సిలుతో గీత గీసి తేదీ రాయండి. పెరటి మట్టి తీయించాక, వచ్చే కార్తీకంలో మళ్లీ చూడండి. గీతకు కిందకి దిగితే, మూడో ఏడాది ఆ గోడకు ఖర్చు సగానికి తగ్గినా ఆశ్చర్యం లేదు.