ఓబులేసు ఇంటికొచ్చే ముందు

చిరంజీవి రామాంజనేయులుకు ఆశీస్సులు.

మీ అన్న ఓబులేసు వచ్చే నెల జైలు నుంచి విడుదలవుతాడని తెలిసి సంతోషపడ్డా. ఏం చేయాలో చెప్పమన్నావు. కడప సెంట్రల్ జైల్లోనూ, అనంతపురం పక్కన రెడ్డిపల్లి ఓపెన్ జైల్లోనూ వార్డరుగా చేసినోణ్ణి, చూసిందే రాస్తున్నా.

మొదటి మాట: పటాకులు, పూలదండలు, గేటు దగ్గర సుమోల వరస, ఇవేవీ వద్దు. మన సీమలో కొందరికి అదో గొప్ప. ఓబులేసు కేసులో చనిపోయినతని తల్లి అదే ఊళ్లో ఉంది, ఆ చప్పుడు ఆమె చెవిన పడుతుంది. చల్లారిన పగ ఒక్క పూటలో రాజుకుంటుంది. నువ్వూ మీ వదినా పోయి బస్సులో తీసుకురండి. క్షమాపణ అడుగుతానని ఓబులేసు తొందరపడితే ఆపు. అతని మనసు తేలికపడొచ్చు గానీ, ఆ ఇంటి పుండు మళ్లీ రేగుతుంది. రెండు వైపులా మాట చెల్లే పెద్దమనిషితో కనుక్కోండి. వాళ్లు వద్దంటే ఆ ఊసెత్తొద్దు. ఊళ్లో ఇంకా వేడిగా ఉంటే కొన్నాళ్లు తాడిపత్రిలో నీ దగ్గరే పెట్టుకో.

గేటు దగ్గర విడుదల కాయితం, పని చేసిన కూలి లెక్క అడిగి తీసుకోండి. శిక్ష తగ్గించి వదిలుంటే షరతులు చదివించుకోండి. వాటిని మీరితే ఆ తగ్గింపు రద్దు చేసి మళ్లీ లోపలికి పంపొచ్చు. ఆధార్‌కు పాత ఫోన్ నంబరుంటే మార్పించు. బ్యాంకు ఖాతా రెండేళ్లు కదలకపోతే ఆగిపోయి ఉంటుంది. కేవైసీ ఇస్తే రుసుము లేకుండా తెరుస్తారు. జైల్లో ఉన్నన్నాళ్లే ఓటు వేయకూడదు, ఇప్పుడు వేయొచ్చు. జాబితాలో పేరుందో లేదో చూడు. పాత కేసేదైనా మిగిలుంటే 15100కు ఫోన్ చెయ్, న్యాయ సేవాధికార సంస్థవాళ్లు దారి చెబుతారు.

ఇవన్నీ వారం పది రోజుల పని. అసలు కష్టం ఇంట్లో. లెక్కకు నిలబడమంటే నిలబడి, లాకప్ వేళకు లోపలికి పోయి ఏళ్లు గడిపిన మనిషి. "నువ్వు కూర్చో అన్నా, అన్నీ మేం చూసుకుంటాం" అంటే ఇంకా ఒకరు చెబితే కదిలేవాడిగానే మిగిలిపోతాడు. సంతకు అతన్నే పంపు. ఏ కూర తేవాలో అతనే తేల్చుకోనీ. పుచ్చు వంకాయలు తెచ్చినా విసుక్కోవద్దు. ఫోన్‌పే ఎట్ల కొట్టాలో పిల్లల చేత నేర్పించు. కూతురు మొదట్లో దగ్గరికి రాకపోవచ్చు. "నాయన దగ్గరికి పో" అని తొయ్యొద్దు. బడికి తోడు పోతూ వస్తూ ఉంటే మాటలు వాటంతటవే కలుస్తాయి.

ఇక పని. వానను నమ్ముకున్న మీ చెనిక్కాయ చేను ఒక్కటే చాలదు, చేతిలో వారం వారం కూలి ఆడాలి. మీ పక్క నాపరాళ్ల పాలిషింగ్ ఫ్యాక్టరీలున్నాయి కదా, అక్కడ చేర్పించు. జైలు సంగతి దాచొద్దు. రేపు ఇంకొకరి నోట తెలిస్తే యజమాని ఓబులేసుతో పాటు నిన్నూ నమ్మడు. ముందు నువ్వే పోయి ఉన్నదున్నట్టు చెప్పు. తర్వాత మాట్లాడే వంతు అతనిది, మధ్యలో నువ్వు దూరొద్దు. మొదటి కూలి అతని చేతికే ఇప్పించు. దేనికి ఖర్చుపెట్టావని లెక్కలడగొద్దు.

ఈ వారమే ఆ యజమానిని కలిసి, ఏమన్నాడో ఫోన్ చెయ్. అతను జంకితే చెప్పు, నేనే తాడిపత్రికి వచ్చి మాట్లాడతా.

మీ మామ