తేనెపెట్టెలో నల్ల పెంకు పురుగులు

ప్రశ్న: మేం అమెరికాలో, జార్జియాలో ఉంటాం. పెరట్లో మూడు తేనెటీగల పెట్టెలున్నాయి. ఒకదాని మూత తీస్తే నల్లటి చిన్న పురుగులు మూలలకు పరుగెడుతున్నాయి. మందు కొట్టాలా?

జవాబు: పెట్టె లోపల మందు కొట్టకండి, ఈగలే ముందు చస్తాయి. మీరు చెప్పిన గుర్తులు ‘స్మాల్ హైవ్ బీటిల్’వి. పొడవు 5 నుంచి 7 మిల్లీమీటర్లు. ఆఫ్రికా పురుగు, 1998లో ఫ్లోరిడాలో బయటపడింది.

ఈగలు కిక్కిరిసిన పెట్టెలో పదో పన్నెండో కనిపించినా కంగారు అక్కర్లేదు. ఈగలే వాటిని సందుల్లోకి తరిమి, జిగురుతో చుట్టూ కట్టి కాపలా కాస్తాయి. ఊరికే మూత తీసి చూస్తుంటే ఆ కట్లు తెగి ఖైదీలు బయటపడతాయి! చిక్కంతా ఈగలు కప్పని ఫ్రేములతోనే (ఫ్రేమంటే పట్టు కట్టే చెక్క చట్రం). పురుగు గుడ్లు పెట్టేది అక్కడే. అందుకే బలహీనపడిన పెట్టెలో ఖాళీ ఫ్రేములూ పై అరలూ తీసేయండి. పుప్పొడి ముద్ద రెండు మూడు రోజుల్లో తినేసేంతే పెట్టండి.

ఫ్రేముల మధ్య వేలాడే, పురుగులు పడి చచ్చే నూనె బోనులు రెండు కొని, ఈగ పిల్లలు పెరిగే అరలో రెండు చివర్లా పెట్టండి. వంటనూనె సగం వరకే పోయాలి. నిండుగా పోస్తే, పెట్టె కాస్త ఒరిగినా ఈగల మీద ఒలుకుతుంది. బోను రంధ్రాలు జిగురుతో మూసుకుపోతే గీకాలి.

ఎదిగిన పిల్లపురుగులు పెట్టె దిగి చుట్టుపక్కల మట్టిలో దూరి, మూడు నాలుగు వారాలకు పెంకు పురుగులై లేస్తాయి. కనుక పెట్టెల్ని ఎండ తగిలే గట్టి నేల మీదికి మార్చండి. తీసిన తేనె ఫ్రేముల్ని ఒకటి రెండు రోజుల్లో పిండేయాలి. కుదరకపోతే మైనస్ 12 డిగ్రీల సెల్సియస్‌లో 24 గంటలు ఉంచితే గుడ్లూ పిల్లలూ చస్తాయి.

ప్రశ్న: పశ్చిమ గోదావరిలో మా పెట్టెల్లో తేనెపట్టును తెల్ల పురుగులు తింటున్నాయి. ఇవీ అవేనా?

జవాబు: పట్టు నిండా బూజులాంటి దారాలుంటే అది మన పాత శత్రువు, మైనపు పురుగు. పెంకు పురుగు పిల్ల గూడు అల్లదు. సెంటీమీటరు పొడవు, వీపున ముళ్లు, తల దగ్గర మూడు జతల కాళ్లు ఉంటాయి. అది తిరిగిన తేనె పులిసి, నురగ కట్టి, కుళ్లిన నారింజ వాసన వేస్తుంది. 2022లో పశ్చిమ బెంగాల్‌లో దీన్ని గుర్తించారు. అటునుంచి పెట్టెలు కొంటుంటే అడుగు చెక్క, మూలలు విప్పి చూసుకోండి. అలాంటి ఫ్రేము దొరికితే పారేయకండి. సబ్బు నీళ్లలో ముంచి పురుగుల్ని చంపి, నాలుగింటిని సీసాలో వేసి దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి.