మొదటిసారి కృష్ణుడి వేషం కడుతున్న అబ్బాయికి

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

తిరనాళ్లలో రాయబారం సీను కృష్ణుడి వేషం నీకు ఇచ్చారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. సంతోషం. అయితే ఇది కాంట్రాక్టు నాటకం అన్న సంగతి మరచిపోకు. రిహార్సల్సు ఉండవు. దుర్యోధనుడిది ఒక ఊరు, కర్ణుడిది ఇంకో ఊరు, పరిచయాలన్నీ మేకప్ గదిలోనే. నీకంటే ముందు పడక సీనుకి, అదే అర్జునుడూ దుర్యోధనుడూ నిద్రపోతున్న కృష్ణుడి దగ్గరికి సాయం అడగను వచ్చే సీనుకి, ఒకటో కృష్ణుడు వచ్చి పాడి వెళ్తాడు. జనం ఆ గొంతు చెవుల్లో పెట్టుకునే నిన్ను వింటారు. అతనికంటే పొడుగ్గా రాగం తీసి గెలవాలని మాత్రం చూడకు. కొత్తవాళ్లలో సగం మంది అక్కడే దెబ్బతింటారు. నీ మాట చివరి వరసలో చాప మీద కూర్చున్నవాడికి కూడా తెలియాలి. ముందు ఆ పని చూడు, రాగం సంగతి తర్వాత.

పద్యాన్ని ఎలా పట్టాలో చెప్తాను. పుస్తకం చేతికి రాగానే హార్మోనియం దగ్గరికి పరుగెత్తకు. మొదటి రెండు రోజులు వచనం చదివినట్టు చదువు. ప్రతి మాటకీ అర్థం రాసుకో. ఎవరు ఎవరితో ఏమంటున్నారో నీకే తెలియకపోతే వినేవాడికి ఏం తెలుస్తుంది? తర్వాత ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పెన్సిలుతో గీత పెట్టుకో. ఇక్కడే అసలు పొరపాటు జరుగుతుంది. ఉత్పలమాలకి పదో అక్షరం, చంపకమాలకి పదకొండు, శార్దూలానికి పదమూడు, మత్తేభానికి పద్నాలుగు యతి స్థానమని బళ్లో నేర్పారు కదా, అక్కడ ఆగాలి కాబోలు అనుకుంటారు. తెలుగులో యతి అంటే పాదం మొదటి అక్షరంతో కుదిరే మైత్రి, ఆగే చోటు కాదు. ఉదాహరణకి ఒక పాదం అల్లి ఇస్తున్నాను, ఇది ఏ నాటకంలోదీ కాదు:

వచ్చితి సంధి కోరి పరివారము నంతయు వీడి యొంటిగన్

ఉత్పలమాల. మొదటి అక్షరం ‘వ’, పదోది ‘వా’, యతి కుదిరింది. కానీ ఆ ‘వా’ ‘పరివారము’ అనే మాట నడుమ ఉంది. యతి దగ్గర ఆగావంటే ‘సంధి కోరి పరి’ అని వినపడి, ‘వారము నంతయు’ వేరే మాటయిపోతుంది. వారమంతా వదిలేసి వచ్చాడేమిటి ఈయన అనుకుంటారు! ‘కోరి’ దగ్గర ఊపిరి తీసుకో, ‘వీడి’ దాకా ఒక్క ఊపిరిలో పో, ‘యొంటిగన్’ని విడిగా, కాస్త తగ్గించి అను. ఒంటరిగా వచ్చానన్న మాట మీదే కదా రాయబారి బలమంతా.

అదే పాదంలో ఇంకోటి చూడు. చివర ‘న్’ ఉంది. ‘న్’ పట్టుకుని ఆలాపన సాగదు, ముక్కులో గుంయ్ మంటుంది. ‘గ’లోని అకారం మీద రాగం తీసి, అంతా అయ్యాక ‘న్’తో మూసెయ్. నీకిచ్చిన పద్యాల్లో ప్రతి పాదానికీ చివరి అక్షరం ఏమిటో చూసుకుని, ఏ అచ్చు మీద నిలబడతావో ముందే రాసుకో. ఇకారం మీద పైస్థాయికి పోతే గొంతు బిగుస్తుంది. కాబట్టి పెద్ద ఆలాపన అకారం వచ్చే పాదానికి దాచుకో.

శ, ష, స మూడూ మూడు రకాలుగా పలకాలి. ‘ధ’ని ‘ద’ చేస్తే, ‘ళ’ని ‘ల’ చేస్తే ముందు వరసలో తువ్వాలు భుజాన వేసుక్కూర్చున్న ముసలాయన పక్కవాడి వైపు చూస్తాడు. మన వైపు తిరనాళ్లలో ఆ వరస వాళ్లకి పద్యాలు నీకంటే బాగా వచ్చు. పెదాలు కదుపుతూ నీతోపాటే చదువుతుంటారు.

ఇక శ్రుతి. ఇంట్లో తలుపేసుకుని పాడినప్పుడు నీ గొంతు ఐదు శ్రుతిలో హాయిగా పలుకుతుందనుకుందాం. తిరనాళ్లకి అర మెట్టు తగ్గించి నాలుగున్నరే పెట్టించుకో. అర్ధరాత్రి గొంతు సాయంత్రం లాంటిది కాదు. నిద్ర లేమి, దుమ్ము, పక్కన మైకుల మోత. కోటప్పకొండ లాంటి చోట అయితే పక్కన కట్టిన ఎత్తయిన దీపాల ప్రభ దగ్గర పాట నీ పద్యం మీదికి వచ్చేస్తుంది. ఆ మోతని దాటాలని అరిచావంటే రెండో పద్యానికే గొంతు జీర పోతుంది. ఒక పని చెయ్యి, రాత్రి పదకొండు దాటాక మేడ మీద రోజూ పాడి చూసుకో. తారస్థాయి మధ్యమం మీద పది అంకెలు లెక్కపెట్టేంతసేపు వణకకుండా నిలవగలిగితే ఆ శ్రుతి నీది. ఎగిరి తాకి వచ్చేస్తే మాత్రం నీది కాదు.

కిరీటం పెట్టుకుని సాధన చెయ్యడం మరిచిపోవద్దు. విగ్గు, కర్ణపత్రాలు చెవులు మూసేస్తాయి. హార్మోనియం దూరంగా వినపడుతుంది, నీ గొంతు నీకే లోపల మోగుతుంది. అద్దె కిరీటం ముందే దొరక్కపోతే చెవుల మీదుగా తువ్వాలు బిగించి కట్టుకుని పాడు. పీతాంబరం అంచు పాదాల కిందికి రాకుండా చూసుకో. సభలో ఒక వైపు నుంచి ఇంకో వైపుకి తిరిగేటప్పుడే కాలికి అడ్డం పడుతుంది.

మైకు సంగతి. స్టాండు మైకు అయితే కింది స్థాయికి నోటికి జానెడు దూరం, పైకి పోయేటప్పుడు తల తిప్పకుండా ఒక అడుగు వెనక్కి. తల తిప్పితే మాట సగం పోతుంది. కాలరు మైకు ఇస్తే హారాల పక్కన పెట్టనివ్వకు, నువ్వు కదిలినప్పుడల్లా గలగలమంటుంది.

హార్మోనిస్టుతో సఖ్యంగా ఉండు. ఆయన చేతిలో నీ పరువు ఉంది. తెర లేవక ముందే ఒక కాగితం ఇవ్వు: పద్యం మొదటి మాట, రాగం, ఏ పాదంలో పైకి పోతావు, ఎక్కడ ఆయన్ని వాయించమంటావు. వరసగా రెండు పద్యాలు ఒకే రాగంలో పెట్టుకోకు. మోహన తర్వాత మోహనే అయితే రెండోది ఎంత బాగా పాడినా మొదటిదే అనిపిస్తుంది. నెమ్మదిగా నచ్చచెప్పే చోట కల్యాణో కాపీయో, హెచ్చరించే చోట ఆరభి లాంటిది. పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుణ్ణీ, షణ్ముఖి ఆంజనేయరాజు గారి కృష్ణుణ్ణీ రికార్డుల్లో పక్కపక్కన విను. అనుకరించమని కాదు, ఒకే వేషానికి ఎన్ని దారులున్నాయో తెలుస్తుంది.

మొదటి పద్యానికి ఆలాపన పదిహేను సెకన్లు దాటనివ్వకు. వాళ్లు ఇంకా నిన్ను చూస్తున్నారు, వినడం మొదలుపెట్టలేదు. రెండోదో మూడోదో పద్యంలో జనం చేతులు ఆడించడం ఆగి, కబుర్లు ఆగితే, అప్పుడు సాగదియ్యి. వన్స్‌మోర్ అన్నారా, వెంటనే మొదలుపెట్టకు. ఒక్క క్షణం దుర్యోధనుడి వైపు చూడు, అతను సీనులోనే ఉన్నాడు కదా. ఆ పద్యం సీసమైతే నాలుగు పెద్ద పాదాలూ మళ్లీ పాడకు, చివర వచ్చే ఎత్తుగీతి ఒక్కటి అందుకో. ఒకసారి చాలు. రెండోసారి అడిగితే నమస్కారం పెట్టి మాటల్లోకి వెళ్లిపో. లేకపోతే మూడోసారికి గొంతూ ఉండదు, అడిగేవాడూ ఉండడు.

మాట మరిచిపోతే ఆగకు. ఆ అచ్చు మీదే రాగం అందుకుని హార్మోనిస్టు వైపు జరుగు, ఆయన అందిస్తాడు. ముఖం మాత్రం మారకూడదు. పడిపోయిన మాటని ముసలాయన క్షమిస్తాడు కానీ, నీ బిక్కమొహం చూస్తే గోల చేసేవాళ్లకి ధైర్యం వస్తుంది. తాగి అరిచేవాడుంటే వాడి వైపు చూడకు, జవాబివ్వకు. కమిటీ వాళ్లు చూసుకుంటారు.

విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలోనో, నాటక పరిషత్తు పోటీల్లోనో ఆడే రోజు వస్తే లెక్క వేరు. అక్కడ ముందు కూర్చునేది న్యాయనిర్ణేతలు. మాట ఎలా పలికావు, ఎదుటి పాత్ర పద్యం పాడుతుంటే నువ్వేం చేస్తున్నావు అన్నది చూస్తారు. చేతులు కట్టుకుని నీ వంతు కోసం ఎదురు చూస్తే మార్కులు పోతాయి.

రంగం ఎక్కడానికి మూడు గంటల ముందే భోజనం కానిచ్చెయ్. మిరపకాయ బజ్జీలు, ఐసు నీళ్లు ఆ రోజుకి వద్దు. గోరువెచ్చని నీళ్ల సీసా తెర వెనక పెట్టించుకో. బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకుంటే మంచిదే, రంగం మీదికి పోయేముందు ఉమ్మెయ్యడం మరిచిపోకు. గొంతు అలిసిందనిపిస్తే గుసగుసగా మాట్లాడకు, దాని కంటే మౌనం నయం. పారితోషికం సంగతి, కిరీటం అద్దె ఎవరిదో, ముందు రోజే మాట్లాడుకో, మేకప్ వేసుకున్నాక బేరం బాగుండదు.

మీ తమ్ముణ్ణి చివరి వరసలో కూర్చోబెట్టి ఫోన్లో రికార్డు చేయించు. ముందు నుంచి తీసింది పనికిరాదు. తెల్లారాక పంపు. రాగాల సంగతి నిదానంగా వింటాను. ముందు ప్రతి పద్యంలో మూడో పాదం చూస్తాను, అప్పటికి ఊపిరి తగ్గి అందరికీ మాట విరిగేది అక్కడే.

మీ పెదనాన్న