మోల్డోవా వైన్‌కు అంత పేరెందుకు? అక్కడివాళ్లు ఏం తింటారు?

రొమేనియాకూ ఉక్రెయిన్‌కూ మధ్య ఉన్న చిన్న దేశం మోల్డోవా. సారవంతమైన నల్లమట్టి, ఎండ బాగా తగిలే వాలు నేలలు ద్రాక్షకు సరిగ్గా సరిపోయాయి. అసలు విశేషం నేల కింద ఉంది. ఇళ్లు కట్టడానికి సున్నపురాయి తవ్వి తీయగా మిగిలిన సొరంగాలే వైన్ గిడ్డంగులయ్యాయి. మిలెష్టి మిచ్ అనే ఊళ్లో అవి దాదాపు 200 కిలోమీటర్లు, లోపల కార్లోనే తిరగొచ్చు! ఏడాదంతా 12-14 డిగ్రీల చల్లదనం ఉండటంతో ఏసీ లేకుండానే వైన్ నిదానంగా పక్వానికి వస్తుంది. సుమారు 15 లక్షల సీసాల నిల్వతో 2005లో గిన్నిస్ రికార్డు కూడా వచ్చింది.

తిండి విషయానికొస్తే నాకు బాగా నచ్చింది మమలీగ. మరిగే నీళ్లలో మొక్కజొన్న పిండి పోసి, కర్రతో గెలికి, గట్టిపడ్డాక చెక్కపలక మీద బోర్లిస్తారు. వండే తీరు చూస్తే మన సంకటే గుర్తొస్తుంది. అయితే ముద్దలు చేయరు, దారంతో ముక్కలుగా కోస్తారు. గొర్రెపాల చీజ్, పుల్లటి మీగడ నంజుకుంటారు.

మళ్లీ వైన్ సంగతికొస్తే, 2006లో రష్యా మోల్డోవా వైన్‌ను నిషేధించింది. అప్పటిదాకా ఎక్కువ సరుకు అక్కడికే వెళ్లేది కాబట్టి రైతులకు పెద్ద దెబ్బ. ఆ తర్వాత యూరప్ మార్కెట్ కోసం నాణ్యత మీద పట్టుబట్టారు. ఫెతాస్కా నెయాగ్రా అనే స్థానిక నల్లద్రాక్షకు మళ్లీ విలువ పెరిగింది. మోల్డోవా వైన్ రుచి చూడాలనుకుంటే దానితోనే మొదలుపెట్టమంటాను.