క్షిపణిలోని కంప్యూటర్‌తో మన చిప్‌కు చుట్టరికం

ప్రశ్న: మా రొయ్యల చెరువు గట్టున ఏరేటర్లను (నీటిలో గాలి కలిపే యంత్రాలను) ఫోన్‌తోనే నడిపే పెట్టె ఒకటి బిగించారు. అందులోని చిప్‌ వంటివన్నీ మొదట క్షిపణుల కోసం పుట్టినవేనని మా లెక్చరర్‌ గారు అంటున్నారు. ఇది ఎంతవరకు నిజం? – ఒక డిగ్రీ విద్యార్థి, భీమవరం

జవాబు: మీ లెక్చరర్‌ గారి మాటలో చాలావరకు నిజం ఉంది గాని, ‘పుట్టినవే’ అన్నచోట సవరణ అవసరం. చిప్‌ను, అంటే ట్రాన్సిస్టర్ల వంటి ఎన్నో భాగాలను ఒకే చిన్న పలుకులో ఇమిడ్చిన దాన్ని, 1958లో టెక్సాస్‌ ఇన్‌స్ట్రుమెంట్స్‌ కంపెనీలో జాక్‌ కిల్బీ, మరుసటి ఏడాది ఫెయిర్‌చైల్డ్‌ కంపెనీలో రాబర్ట్‌ నోయిస్‌ ఎవరికి వారుగా రూపొందించారు. దాని ధర చూసి తక్కినవారు వెనుకాడుతున్న రోజుల్లో రాశులుగా కొన్నవారిలో మాత్రం అమెరికా క్షిపణి కార్యక్రమం ముఖ్యమైనది.

అయితే 1962లో మోహరించిన అమెరికా మినిట్‌మన్‌ క్షిపణిలో దాన్ని దారి నడిపే డి-17బి కంప్యూటర్‌లో అసలు చిప్‌లే లేవు. విడివిడి ట్రాన్సిస్టర్లు, డయోడ్లు, వాటితోపాటు మెమరీగా నిమిషానికి 6000 చుట్లు తిరిగే ఒక అయస్కాంత పళ్లెం ఉండేవి. నరసాపురం రేవులో పంటు తప్పితే అది సఖినేటిపల్లి వెళ్లి తిరిగి వచ్చేదాకా నిలబడవలసినట్టే, కావలసిన అంకె, పళ్లెం మీది రాతను చదివే రీడింగ్‌ హెడ్‌ను దాటిపోతే మరో చుట్టు, అంటే సెకనులో నూరో వంతు, ఆగవలసి వచ్చేది. అందుచేత ఒక ఆదేశం ముగిసే క్షణానికి తరువాతి ఆదేశం సరిగ్గా హెడ్‌ కిందికి వచ్చేలా ప్రోగ్రామర్లు పళ్లెం మీద చోట్లను ముందే లెక్కకట్టి రాసేవారు. ఓపికకు పరీక్ష అంటే అదే!

ఈ క్షిపణి ఏళ్ల తరబడి భూగర్భంలో క్షణాల్లో ఎగరడానికి సిద్ధంగా ఉండాలి కనుక కంప్యూటర్‌ను ఎప్పుడూ నడుపుతూనే ఉంచేవారు. ఒక్క డయోడ్‌ చెడినా మొత్తం వృథా అవుతుంది కాబట్టి, విడిభాగాలు చెడిపోవడానికి కారణాన్ని తయారీ దశలోనే వెతికి సరిచేయవలసిందని సరఫరాదారులను నిర్బంధించారు. 1960ల నడుమ వచ్చిన మినిట్‌మన్‌–2లోని డి-37సి కంప్యూటర్‌ చిప్‌లకు మారింది. సైన్యానికి చెందనిదే అయినా, చంద్రయాత్రల అపోలో నౌకలోని కంప్యూటర్‌ కూడా చిప్‌లనే వాడింది. ఈ కొనుగోళ్లతో కర్మాగారాల చేయి తిరిగింది. 1962లో సగటున 50 డాలర్లున్న చిప్‌ 1968 నాటికి రెండున్నర డాలర్ల లోపుకు దిగింది. నా దృష్టిలో క్షిపణుల అసలు ప్రభావం ఇదే.

మీ ఏరేటర్‌ పెట్టెలోని చిప్‌కు పూర్వీకుడనదగిన ఇంటెల్‌ కంపెనీ 4004 చిప్‌ (1971) మాత్రం ఒక జపాన్‌ కాలిక్యులేటర్‌ కంపెనీ పురమాయింపుతో తయారైంది. ఇక పాత మినిట్‌మన్‌లను విరమించాక వాటి డి-17బి కంప్యూటర్లను విశ్వవిద్యాలయాలకు ఉచితంగా ఇచ్చారు. అక్కడ వాటితో పని చేయించాలన్నా, తిరిగే ఆ పళ్లెం మీద చోట్లు లెక్కకట్టే బాధ తప్పలేదు.