సుబాబుల్ ఆకు, చెనక్కాయ కట్టెతోనే మేకలను సాకొచ్చా?

గట్ల మీద సుబాబుల్, అవిశ చెట్లున్నాయి, చెనక్కాయ కట్టె (వేరుశనగ కాయలు తీసుకున్నాక మిగిలే ఎండు మొక్కలు) ఇంట్లోనే ఉంది, వీటితోనే 20 మేకలను దాణా కొనకుండా సాకొచ్చా అని అడిగారు. చాలావరకు సాకొచ్చు. కాకపోతే చేతికందింది కదా అని ఒక్క ఆకే మేపకండి. నేను మొదటి ఏడాది చేసిన పని అదే.

మాది అనంతపురం జిల్లా. ఎండాకాలంలో ఊరంతా ఎండిపోయినా మా సుబాబుల్ పచ్చగానే ఉంది, మేకలు ఎగబడి తింటున్నాయి. ఇంకేం కావాలని రెండు నెలలు పొద్దునా సాయంత్రం అదే వేశాను. తర్వాత తోక దగ్గర, వీపు మీద వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోయాయి, మేత కూడా సరిగా ముట్టలేదు. గజ్జి అనుకుని వారం రోజులు ఏదో నూనె పూశాను కూడా! పశువుల డాక్టరు వచ్చి మొదట అడిగిందే ఏం మేపుతున్నావని. సుబాబుల్‌లో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుందట, లేత చిగుళ్ళలో, గింజల్లో మరీ ఎక్కువ. అది ఒంట్లో ఎక్కువైతే వెంట్రుకలు రాలతాయి, థైరాయిడ్ గ్రంథి దెబ్బతింటుంది. మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వొద్దన్నారు. తగ్గించాక మెల్లగా మళ్ళీ బొచ్చు వచ్చింది.

ఆ మూడో వంతును ఎండు లెక్కన చూడాలి. 25 కిలోల మేకకు రోజుకు దాదాపు కిలో ఎండు మేత కావాలి. పచ్చి ఆకులో ముప్పావు వంతు నీళ్ళే. అందుకే నేను మేకకు కిలో సుబాబుల్, ఇంకో కిలో అవిశ ఆకో, గ్లిరిసిడియా అనే ఇంకో మేత చెట్టు ఆకో, అర కిలో చెనక్కాయ కట్టె వేస్తాను. మాంసకృత్తులు ఆకు నుంచి, పీచు కట్టె నుంచి వస్తాయి.

గ్లిరిసిడియాను మొదట్లో మేకలు వాసన చూసి వెళ్ళిపోతాయి, టెన్షన్ పడకండి. ఒక పూట వాడబెట్టి, ఇష్టమైన ఆకులో కలిపి వేస్తే వారం పది రోజుల్లో అలవాటు పడతాయి. అవిశను మాత్రం సుబాబుల్ లాగా మోడు చేసి కొట్టకండి. సుబాబుల్ ఎంత నరికినా చిగురిస్తుంది, అవిశ చచ్చిపోతుంది. నావి నాలుగు చెట్లు అట్లే పోయాయి. పక్క కొమ్మలే కోయాలి. ఏ ఆకైనా కట్టలు కట్టి మేకల తల ఎత్తున వేలాడదీయండి. కింద పడి తొక్కిన ఆకును మేక ముట్టదు.

ఇక చెనక్కాయ కట్టె. దాని విలువంతా ఆకులోనే ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండలో కదిలిస్తే ఆకు పొడై చేలోనే రాలిపోతుంది, మీకు పుల్లలు మిగులుతాయి. తెల్లవారి మంచు పదును ఉన్నప్పుడే ఎత్తుకుని, వామి వేసే ముందు పూర్తిగా ఆరనివ్వండి. వేర్ల మట్టి బాగా దులపాలి. పంటకు పురుగుమందు కొట్టి ఉంటే, కొట్టాక ఇన్ని రోజులు ఆగాలని డబ్బా మీద రాసిన గడువు దాటిందో లేదో చూసుకోండి. వాన తగిలి బూజు పట్టిన కట్టెను పైపైన ఏరి కూడా వేయొద్దు, ఎరువు దిబ్బలోకి పోవాల్సిందే. కంది పొట్టు దొరికితే కట్టెలో కొంత తగ్గించి కలపొచ్చు, ఇష్టంగానే తింటాయి.

దాణా అసలే కొనకుండా అన్నచోట ఒక్క మినహాయింపు. ఈనడానికి ముందు నెలన్నర, పాలిచ్చే రోజుల్లో మేకకు రోజుకు 200 గ్రాములైనా మొక్కజొన్న నూక, తవుడు కలిపి పెట్టాలి. మేకలు తప్పించుకుని గింజల మూట మీద పడకుండా చూడండి. ఒక్కసారిగా మెక్కితే పొట్ట ఉబ్బి ప్రాణం మీదికొస్తుంది.

20 మేకలకు రోజుకు 10 కిలోల కట్టె, ఫిబ్రవరి నుంచి మే దాకా 4 నెలలకు 12 క్వింటాళ్ళు. కోతలప్పుడు బేరగాడు వచ్చి మంచి ధర చెప్తాడు. ముందు ఈ 12 క్వింటాళ్ళు వామి వేసుకుని, మిగిలితేనే అమ్మండి.